టోయింగ్ బండి మీది మనుషులకు ఏ బీమా మేలు: మోటార్ పాలసీలో కలిపించుకోవడమా, విడిగా నష్టపరిహార పాలసీనా, ఈఎస్ఐనా?

చౌటుప్పల్ నుంచి కోదాడ దాకా 65వ జాతీయ రహదారి మీద, షాద్‌నగర్ నుంచి పెబ్బేరు దాకా 44వ రహదారి మీద రికవరీ బండ్లు తిప్పే ఓనర్లలో చాలామందిది ఒకటే ధీమా: "బండికి ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది, మనోళ్లు కూడా అందులోనే వస్తరు". ఫుల్ ఇన్సూరెన్స్ చూసుకునేది బండికి జరిగే నష్టాన్ని, బయటివాళ్లకు జరిగే నష్టాన్ని. మన దగ్గర జీతానికి పనిచేసే మనిషి లెక్క వేరు. పైగా ఈ పనిలో ప్రమాదం పొంచి ఉండేది బండి దిగాకే. వించ్ (బండిని లాగే యంత్రం) వైరు తెగి కొడుతుంది, డ్రమ్ములో వేళ్లు నలుగుతాయి, ఫ్లాట్‌బెడ్ మీదికి లాగుతున్న కారు హుక్కు ఊడి వెనక్కి జారుతుంది, రాత్రిపూట రోడ్డు అంచున చైను కడుతుంటే వెనకనుంచి లారీ వచ్చి గుద్దుతుంది.

ముందు ఓనరు మీద పడే బరువెంతో చూద్దాం. పనిలో మనిషి దెబ్బతింటే ఓనరు ఎంత కట్టాలో చెప్పే 1923 నాటి నష్టపరిహార చట్టం 2025 నవంబర్ 21 నుంచి సామాజిక భద్రత కోడ్ ఏడో అధ్యాయంలోకి మారింది. లెక్క కట్టే పద్ధతి మాత్రం పాతదే. మనిషి చనిపోతే నెల జీతంలో సగాన్ని, శాశ్వతంగా ఏ పనీ చేయలేని స్థితికి వస్తే 60 శాతాన్ని, వయసుకు తగిన గుణకంతో హెచ్చిస్తారు. 2020 జనవరి 3 నాటి నోటిఫికేషన్ ప్రకారం లెక్కకు తీసుకునే జీతం 15,000 రూపాయలు దాటదు. 30 ఏళ్ల వయసుకు గుణకం 207.98. అంటే 15,000 జీతగాడు చనిపోతే 15,59,850 రూపాయలు, పూర్తి వైకల్యమైతే 18,71,820 రూపాయలు. వించ్‌లో బొటనవేలు మొత్తం పోతే చట్టంలోని గాయాల పట్టిక ప్రకారం 30 శాతం సంపాదన శక్తి పోయినట్టు. అది 5,61,546 రూపాయలు. చూపుడువేలికి 14 శాతం, దాదాపు 2 లక్షల 62 వేలు. వీటికి ఆస్పత్రి ఖర్చు అదనం. తాత్కాలికంగా పనికి రాలేకపోతే పదిహేను రోజులకోసారి నెల జీతంలో పావు వంతు ఇవ్వాలి. రోజుకూలీ మీద పిలిపించుకున్న హెల్పరుకైనా ఇదే వర్తిస్తుంది, కాగితం మీద పేరు లేదన్న మాట చెల్లదు.

మోటార్ పాలసీలో కలిపించుకుంటే

ఇది అన్నిటికంటే చౌక. డ్రైవరు, క్లీనరు, ఎక్కించే దించే మనుషుల పట్ల ఓనరు బాధ్యతను బండి పాలసీలోనే ఎండార్స్‌మెంట్‌గా (పాలసీకి జతచేసే అదనపు షరతుగా) తీసుకోవచ్చు. సరుకు బండ్లకు ఐఎంటీ 39 అని ఆ షరతు నంబరు రాసి ఉంటుంది. ప్రీమియం చాలా పాలసీల్లో మనిషికి ఏడాదికి 50 రూపాయలే. డ్రైవరు, క్లీనరుతో కలిపి ఏడుగురికి మించదు. ఒకే బండి, ఒక డ్రైవరు, ఒక హెల్పరు, వాళ్లిద్దరికీ ఆ బండి తప్ప వేరే పని లేదంటే ఇది సరిపోతుంది. పాలసీ షెడ్యూలులో ప్రీమియం కట్టింది ఇద్దరికా ఒక్కరికా అన్నది చూసుకోండి. డ్రైవరుకు మాత్రమే కట్టి హెల్పరును వదిలేసిన పాలసీలు కొల్లలు.

ఇక్కడ చిక్కు "ఆ బండికి సంబంధించిన పనిలో ఉండగా" అన్న మాట దగ్గర వస్తుంది. యార్డులో కాపలా ఉండే మనిషికి, ఇంకో ఓనరు క్రేన్ మీదికి సాయంగా పంపిన హెల్పరుకు, తాడుతో లాగే కస్టమర్ కారులో స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నవాడికి అది వర్తిస్తుందా అన్నది వాదనకు దిగే విషయం. క్రేన్ పాలసీల్లో ఐఎంటీ 47 అనే మరో షరతు ఉంటుంది: బండిని పనిముట్టుగా వాడుతుండగా బోల్తా పడితే బండి నష్టం ఇవ్వరు. అదనపు ప్రీమియం కట్టి దాన్ని తీయించుకోవచ్చు. మనిషికి దెబ్బ తగలడంతో పాటు బండి ఖర్చు కూడా ఓనరు మీదే పడే ప్రమాదం ఇది, కాబట్టి క్రేన్ ఉన్నవాళ్లు దాన్ని వదిలేయొద్దు.

విడిగా నష్టపరిహార పాలసీ

ఇది బండికి కాదు, జీతాల పట్టీకి రక్షణ. పాత పాలసీల్లో "టేబుల్ ఎ" (A) అనే రకమైతే నష్టపరిహార చట్టంతోపాటు సివిల్ దావా బాధ్యతా కలుస్తుంది. "టేబుల్ బి" (B) రకంలో నష్టపరిహార చట్టం బాధ్యత ఉండదు, అది మనకు పనికిరాదు. ప్రీమియం మొత్తం జీతాల మీద, పని రకం మీద ఆధారపడుతుంది. రేటు కంపెనీకో తీరుగా ఉంటుంది, కాబట్టి ఒకే వివరాలతో రెండు మూడు కొటేషన్లు తీసుకోండి.

రెండు బండ్లు దాటినా, యార్డు ఉన్నా, అవసరానికి మనుషుల్ని పిలిపించుకున్నా నా ఓటు దీనికే. అయితే ప్రపోజల్ ఫారంలో (పాలసీ దరఖాస్తులో) తప్పు జరిగితే ఇదీ ఆదుకోదు.

అందులో మొదటిది జీతం. ప్రీమియం తగ్గాలని 15,000 ఇచ్చే చోట 9,000 అని రాస్తారు. కంపెనీ 9,000 లెక్కనే కడితే 30 ఏళ్ల మనిషి చనిపోయినప్పుడు వచ్చేది 9,35,910 రూపాయలు. మిగతా 6,23,940 ఓనరు జేబులోంచి పోవాలి. ప్రీమియంలో మిగిలింది కొన్ని వేలే. రెండోది పని పేరు. "డ్రైవర్లు" అని ఒక్క మాట రాసి ఊరుకోవద్దు; వించ్ ఆపరేటరు, క్రేన్ ఆపరేటరు, హెల్పరు, యార్డు కాపలా అని వేర్వేరుగా, ఎందరెందరో రాయాలి. మూడోది పనిచేసే చోటు. జడ్చర్ల యార్డు చిరునామా మాత్రమే ఉంటే కర్నూలు దగ్గర జరిగిన దానికి పేచీ పెడతారు. "తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక రహదారుల మీద ఎక్కడైనా" అని రాయించండి. నాలుగోది వైద్యం. చట్టం ప్రకారం చికిత్స ఖర్చు ఓనరుదే, మామూలు పాలసీలో మాత్రం అది ఉండదు. అదనపు కవరుగా మనిషికి ఇంత అని అడిగి తీసుకోవాలి. కాంట్రాక్టరు పంపిన మనుషులుంటే వాళ్లకూ అదనపు కవరు కావాలి, ఎందుకంటే అసలు యజమానిగా బాధ్యత ముందు మన మీదే పడుతుంది.

ఒక హెచ్చరిక. ఐఎంటీ 39లోనే ఒక షరతు ఉంది: ఉద్యోగుల కోసం విడిగా నష్టపరిహార పాలసీ ఉంటే ఆ ఎండార్స్‌మెంట్ పనిచేయదు. రెండూ ఉన్నాయి కదా, ఒకటి కాకపోతే ఇంకొకటి అనుకుంటే పొరపాటు. విడి పాలసీ తీసుకున్నవాళ్లు మనుషులందరినీ అందులోనే చూపించాలి.

పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ ఓనరు బాధ్యత తీర్చదు. అది మనిషికో, ఆ కుటుంబానికో ఒప్పుకున్న మొత్తం ఇస్తుంది, అంతే. ఓనరే స్వయంగా బండి నడిపితే తాను ఉద్యోగి కాడు కనుక అతనికి అది తప్పనిసరి. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్ష బీమా 18 నుంచి 70 ఏళ్ల వారికి, ప్రమాద మరణానికి 2 లక్షలు ఇస్తుంది. మనుషులందరి బ్యాంకు ఖాతాలకు పెట్టించండి.

పదిమందికి చేరితే

పదిమంది పనిచేస్తుంటే ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) ఎంచుకునే విషయం కాదు, కట్టాల్సిందే. జీతం 21,000 లోపువాళ్లకు ఓనరు 3.25 శాతం, ఉద్యోగి 0.75 శాతం. 15,000 జీతానికి ఓనరు వాటా నెలకు 487.50, ఏడాదికి 5,850 రూపాయలు. ఇది మనిషి పక్షాన అన్నిటికంటే మంచిది: పని చేయలేనన్నాళ్లు జీతంలో దాదాపు 90 శాతం, చనిపోతే కుటుంబానికి పెన్షన్, కుటుంబానికీ వైద్యం. ఈఎస్ఐలో ఉన్నవాడికి మళ్లీ నష్టపరిహారం చట్టం కింద కట్టాల్సిన పని లేదు. 21,000 దాటినవాళ్లకు మాత్రం విడి పాలసీ ఉంచాలి. పెద్ద చికిత్సకు హైదరాబాద్ దాకా పోవాల్సి రావడం ఇక్కడివాళ్లకు ఉన్న ఇబ్బంది. ఎనిమిది తొమ్మిదిమంది దగ్గర ఆగినవాళ్లు ఉద్యోగుల ఒప్పుదలతో స్వచ్ఛందంగా చేరొచ్చు, ఆ దారి ఆలోచించదగ్గదే.

ప్రమాదం జరిగాక

పాలసీ సరిగ్గా ఉన్నా చాలామంది నష్టపోయేది ఇక్కడే. మనిషి చనిపోతే పెద్దమనుషుల్లో కూర్చుని నాలుగైదు లక్షలకు రాజీ చేసుకుని, కాగితం మీద సంతకాలు తీసుకుంటారు. మరణ పరిహారం కార్మిక శాఖలోని అధికారి దగ్గర జమ చేయాలి. వారసులకు నేరుగా ఇచ్చింది పరిహారం కింద లెక్కకు రాదు, మూడు నెలల జీతం మేరకు ఇచ్చిన అడ్వాన్సు మాత్రం మినహాయిస్తారు. రేపు ఆ కుటుంబం దరఖాస్తు పెడితే మళ్లీ మొత్తం కట్టాలి. బీమా కంపెనీ ఆ రాజీ డబ్బు ఇవ్వదు. నెల దాటితే 12 శాతం వడ్డీ, కారణం లేకుండా ఆపితే 50 శాతం దాకా జరిమానా పడొచ్చు. జరిమానాను ఏ పాలసీ మోయదు.

బీమా కంపెనీకి అదే రోజు రాతపూర్వకంగా తెలపండి. మరణమో పెద్ద గాయమో అయితే కార్మిక శాఖ అధికారికి ఏడు రోజుల్లో నివేదిక పంపాలి. ఎఫ్ఐఆర్, ఆస్పత్రి మెడికో లీగల్ కాగితం, హాజరు పట్టీ, జీతం బ్యాంకులో వేసిన ఆధారం, డ్రైవరు లైసెన్సు సిద్ధంగా ఉంచండి. వెనకనుంచి వేరే బండి గుద్దితే ఆ బండి మీద మోటార్ ప్రమాదాల ట్రిబ్యునల్‌కూ వెళ్లొచ్చు, నష్టపరిహారమూ అడగొచ్చు, కానీ రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి. ఇంటి నుంచి పనికి వచ్చేటప్పుడు జరిగే ప్రమాదాన్ని కూడా కొత్త కోడ్ పనిలో జరిగినట్టే చూస్తుంది, పనికీ ప్రయాణానికీ సంబంధం తేలితే. రాత్రి రెండింటికి ఫోన్ చేస్తే బైకు మీద బయలుదేరే హెల్పర్లు ఉన్నవాళ్లు ఏ టైముకు పిలిచిందీ ఒక నోటుబుక్కులో రాసి పెట్టుకోవాలి.