హన్మకొండలో బీకాం చదివినవారికి సీఏ మేలా, అమెరికా సీపీఏ మేలా?

ఈ రెండింటిలో ఏది గొప్పదన్న చర్చ కన్నా ముందు తేల్చుకోవలసింది, చదువు ముగిశాక ఏ దేశపు చట్టం కింద, ఎవరి లెక్కలు చూడదలచుకున్నామన్నది. మన దేశంలో కంపెనీల ఆడిట్ నివేదికపై సంతకం చేసే అధికారం 2013 కంపెనీల చట్టం ప్రకారం ప్రాక్టీసులో ఉన్న చార్టర్డ్ అకౌంటెంటుకే ఉంది. సీపీఏ, అంటే సర్టిఫైడ్ పబ్లిక్ అకౌంటెంట్ లైసెన్సును అమెరికాలోని ఒక్కో రాష్ట్రపు అకౌంటెన్సీ బోర్డు ఇస్తుంది. ఆ లైసెన్సు ఎంత విలువైనదైనా, దానితో హన్మకొండలో ఆఫీసు తెరిచి ఇక్కడి వ్యాపారులకు ఆడిట్ చేసిపెట్టడం కుదరదు.

సీఏ దారి కఠినమైనదే. 55 శాతం మార్కులతో బీకాం పూర్తిచేసినవారు తొలి మెట్టయిన ఫౌండేషన్ పరీక్ష రాయకుండా నేరుగా సీఏ రెండో మెట్టయిన ఇంటర్మీడియట్‌లో చేరవచ్చు. అక్కడ ఆరు పేపర్లు, ఫైనల్‌లో మరో ఆరు, మూడేసి పేపర్లు ఒక్కో గ్రూపు. ప్రతి పేపరులో 40 మార్కులు తెచ్చుకోవడంతో సరిపోదు, గ్రూపు మొత్తం మీద సగం మార్కులు రావాలి. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. 2023లో వచ్చిన కొత్త పద్ధతి, ప్రాక్టీసులో ఉన్న సీఏ దగ్గర చేయవలసిన శిక్షణ అయిన ఆర్టికల్‌షిప్‌ను మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గించింది. స్టైపెండ్ కొద్దిపాటిదే అయినా, ఆ రెండేళ్లలో నేర్చుకునే పని ఏ కోచింగ్‌లోనూ దొరకదన్నది నా గట్టి నమ్మకం. రైసుమిల్లు ఆడిట్‌కు వెళ్లిన ఆర్టికల్ విద్యార్థి ముందుగా ట్రక్‌షీట్లు, కాంటా చీట్లు తీసి, కొనుగోలు కేంద్రాల నుంచి ఎన్ని క్వింటాళ్ల వడ్లు దిగాయో కూడుతాడు. క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు ప్రభుత్వానికి అప్పగించాలన్న లెక్కన సీఎంఆర్ (కస్టమ్ మిల్లింగ్ రైస్, ప్రభుత్వ వడ్లు మరాడించి తిరిగి ఇవ్వాల్సిన బియ్యం) బాకీ ఎంతో తేలుస్తాడు. ఆ తర్వాత గోదాములోకి వెళ్లి బస్తాల నెట్లు, అంటే దొంతరలు, లెక్కపెడతాడు. పుస్తకంలో కనిపించే వడ్లు గోదాములో లేకపోతే యజమానిని ఏమడగాలో, ఎలా అడగాలో అక్కడే తెలిసివస్తుంది. వరంగల్ ఏనుమాముల మార్కెట్లోని అడ్తిదారులు, జిన్నింగ్ మిల్లులు, కరీంనగర్ గ్రానైటు వ్యాపారం, ఇవన్నీ ఉన్న ప్రాంతంలో ఈ అనుభవానికి పని కరువుండదు.

సీపీఏలో పరీక్షల భారం తక్కువ. 2024 నుంచి ఆడిటింగ్, ఫైనాన్షియల్ రిపోర్టింగ్, అమెరికా పన్నులు అనే మూడు తప్పనిసరి పేపర్లు, ఎంచుకున్న మరొకటి, కలిపి నాలుగు. ఒక్కొక్కటి నాలుగు గంటలు, దాటవలసిన స్కోరు 75. హైదరాబాదులో ప్రొమెట్రిక్ అనే సంస్థ నడిపే పరీక్షా కేంద్రంలోనే రాయవచ్చు. అంతమాత్రాన సులువనుకోరాదు. ఫైనాన్షియల్ రిపోర్టింగ్ పేపరును ఇటీవలి సంవత్సరాల్లో రాసినవారిలో సగం మంది కూడా దాటడం లేదు. అసలు చిక్కు క్రెడిట్ల దగ్గర, అంటే చదివిన చదువును అమెరికా పద్ధతిలో కొలిచే లెక్క దగ్గర వస్తుంది. మన మూడేళ్ల బీకాంకు సాధారణంగా 90 క్రెడిట్లే లెక్కకడతారు. పరీక్షకు కూర్చోవడానికి చాలా రాష్ట్రాలు 120 అడుగుతాయి కనుక ఎంకాం వంటి మరో చదువు అవసరమవుతుంది. లైసెన్సుకు అనుభవం కూడా చూపాలి. పరీక్ష ఫీజులు, విదేశీ కేంద్రపు అదనపు రుసుము డాలర్లలో చెల్లించి, దానిపైన కోచింగ్ కూడా తీసుకుంటే ఖర్చు లక్షల్లోకి వెళుతుంది.

ఆ ఖర్చుకు ఫలితం హైదరాబాదులో ఉంది. డెలాయిట్ వంటి సంస్థలు అమెరికా ఖాతాదారుల పన్ను, ఆడిట్ పనులను హైదరాబాదు నుంచే పెద్ద ఎత్తున నడుపుతున్నాయి. అటువంటి ఉద్యోగంలో ఇప్పటికే ఉన్నవారికి సీపీఏ సరైన పెట్టుబడి. పదోన్నతికి పనికివస్తుంది, కొన్ని సంస్థలు పరీక్ష ఫీజు తిరిగి ఇస్తాయి కూడా. సింగరేణి వంటి ప్రభుత్వ రంగ సంస్థలో ఫైనాన్స్ అధికారి కొలువు కోరుకునేవారికి మాత్రం అది దారి కాదు, అక్కడ సీఏ లేదా సీఎంఏ (కాస్ట్ అండ్ మేనేజ్‌మెంట్ అకౌంటెంట్) అడుగుతారు.

అప్పు చేసి చదివించే కుటుంబం నుంచి వచ్చి, ఇప్పుడే బీకాం ముగించిన విద్యార్థికి నేను సీఏ ఇంటర్మీడియటే ముందు చెబుతాను. అది గట్టెక్కి ఆర్టికల్‌షిప్ చేసినవారికి, ఫైనల్ ఆలస్యమైనా ఉద్యోగం దొరికే అవకాశం ఉంటుంది, సీపీఏ తలుపూ మూసుకుపోదు. అప్పటికీ సీపీఏ వైపే మొగ్గు చూపేవారు కోచింగ్ సెంటరుకు డబ్బు కట్టకముందే తమ మార్కుల మెమోలను క్రెడిట్ల మూల్యాంకనానికి పంపించి, ఏ రాష్ట్రానికి అర్హత వస్తుందో కాగితం మీద చూసుకోవాలి.