పద్నాలుగేళ్ల .315: కట్టె విప్పి చూడకుండా కొన్నాను

పాత మిలిటరీ తరహా రైఫిల్ కొనేముందు ఏం చూడాలని మా మేనల్లుడు అడిగితే ఒక్క మాటే చెప్పాను. "ముందు కట్టె విప్పి చూపించమను. విప్పనంటే లేచి వచ్చెయ్." ముందు కట్టె అంటే బ్యారెల్ కింద తొడిగిన చెక్క. 2009లో ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ని కాదేమో. ఇరవై నాలుగేళ్లు ఫౌజులో చేసి వచ్చిన హవల్దారుకు తుపాకీ గురించి ఇంకొకరు చెప్పేదేముందన్న పొగరు అప్పట్లో ఉండేది.

అసలు త్రీ నాట్ త్రీ (.303, ఫౌజు పాత రైఫిల్) కొనాలనే ఉండేది. 1984లో ట్రైనింగ్ సెంటర్లో డ్రిల్లు కోసం మొదట చేతికిచ్చింది అదే. కానీ మామూలు లైసెన్సు మీద అది రాదు. ఫౌజు తూటా పట్టే బోరు (గొట్టం లోపలి కొలత) కాబట్టి నిషేధిత జాబితాలో ఉంది, మాజీ సైనికుడైనా అంతే. మనకు దొరికేది దాని తమ్ముడు .315. బెంగాల్లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ సరుకే, అదే లీ ఎన్‌ఫీల్డ్ బోల్టు (తూటాను లోపలికి తోసి మూసే గడియ). మ్యాగజైన్లో పది తూటాల బదులు ఐదు పడతాయి. రిటైరై వచ్చాక నల్లగొండలో బ్యాంకు గార్డు ఉద్యోగానికి సొంత ఆయుధం కావాలంటే, హైదరాబాదులో ఒక డీలరు దగ్గర కొత్తదాని ధరలో సగానికి పాతది తీసుకున్నాను.

ఆ రోజు నేను చూడనిది లేదనుకున్నాను. బోల్టు మీద నంబరు, బాడీ మీద నంబరు ఒకటేనా అని చూశాను. వేరే తుపాకీ బోల్టు తెచ్చి తగిలిస్తే తూటా వెనక సందు తేడా వస్తుంది, కాల్చినప్పుడు ఖోకా (తూటా వెనక ఉండే లోహపు గొట్టం) చిట్లే ప్రమాదం ఉంటుంది. నావి రెండూ కలిశాయి. బ్యారెల్ లోపల టార్చి వేసి చూశాను, గుండును తిప్పే గాడులు అద్దంలా మెరిశాయి. డ్రిల్ రౌండు (పేలని ఉత్తుత్తి తూటా) తీసుకుని దాని మొన బ్యారెల్ మూతిలో పెట్టి చూశాను. మొన సగంలోనే ఆగితే మూతి బాగున్నట్టు, ఖోకా అంచు దాకా దిగిపోతే అరిగినట్టు. చాలా పాత రైఫిళ్ల మూతి అరిగేది తూటాలతో కన్నా బ్యారెల్ తుడిచే పుల్‌త్రూ తాడును ఏటవాలుగా లాగీ లాగీనే. మాది పాసయింది. ఇక బోల్టు సంగతి చెప్పక్కర్లేదు. లీ ఎన్‌ఫీల్డ్ బోల్టు వెనక్కి లాగేటప్పుడు కాదు, ముందుకు తోసేటప్పుడు కాక్ అవుతుంది, అంటే పేలడానికి స్ప్రింగు బిగుసుకుంటుంది. ఆ చప్పుడు వినగానే పాతికేళ్లు వెనక్కి వెళ్లిపోయాను. వెన్నలో వేలు పెట్టినట్టు కదిలింది.

కట్టె విప్పమని అడిగాను గానీ డీలరు "ఒకసారి విప్పితే మళ్లీ అంత టైటుగా కూర్చోదు సాబ్" అన్నాడు. పైన వార్నిష్ కొత్తగా మెరుస్తోంది. సరేలే అన్నాను.

బ్యాంకులో పదకొండేళ్లు అది నా భుజం మీదే ఉంది. డ్యూటీలో ఒక్క తూటా కూడా పేలలేదు, పేలకపోవడమే ఆ ఉద్యోగం. 2016 నవంబరులో నోట్ల రద్దప్పుడు క్యూ రోడ్డు దాకా వెళ్లి, జనం తోసుకుంటుంటే కూడా దాన్ని గోడకు ఆనించి చేతులతోనే సర్దాను. ఏడాదికోసారి ఫైరింగ్ ప్రాక్టీసుకు పంపేవాళ్లు. మొదటి రెండేళ్లు బాగానే కొట్టాను. తర్వాత తర్వాత గుండ్లు చెదరడం మొదలైంది. చూపు తగ్గిందనుకుని కళ్లద్దాలు మార్పించుకున్నాను. మళ్లీ చెదిరాయి. వయసైపోయిందనుకున్నాను.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ బ్యాంకు లెటరు చూపిస్తే ఎన్నికలప్పుడు పోలీసు స్టేషన్లో అప్పగించకుండా తుపాకీ నా దగ్గరే ఉండనిచ్చారు. 2020 చివర్లో మానేశాక ఆ సౌకర్యం పోయింది. మా జిల్లాకు ఉప ఎన్నికలంటే పండగల్లాగా వస్తాయి కదా. 2021 ఏప్రిల్లో సాగర్, 2022 నవంబరులో మునుగోడు. రెండుసార్లూ స్టేషన్లో డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకున్నాను. మొదటిసారి బాగానే వచ్చింది. రెండోసారి తెచ్చుకుని చూస్తే బ్యారెల్ మీద ఎర్రగా తుప్పు చుక్కలు, కుందా (భుజానికి ఆనించే వెనక చెక్క) పట్టుకుంటే కదులుతోంది. ఏ మూల ఏ తడి గోడకు ఆనించి పెట్టారో గానీ ఇంటికొచ్చే దాకా తిట్టుకుంటూనే వచ్చాను. మా ఆవిడ "ఇన్నేళ్లూ మీ నెత్తికి పెట్టుకున్నదానికన్న దానికే ఎక్కువ నూనె పూసిండ్రు, అయినా గిట్లయింది" అని ఇంకాస్త మంట పెట్టింది.

కుందా మర ఊళ్లో వడ్లాయనతో బిగింపిద్దామని వెళ్లి, గుమ్మం దాకా వచ్చాక ఆగిపోయాను. ట్రైనింగులో మా ఉస్తాద్ అరిచి చెప్పిన మాట గుర్తుకొచ్చింది: ముందు కట్టె తీయకుండా కుందా మర తిప్పొద్దు. త్రీ నాట్ త్రీలో కుందా లోపలి పొడుగాటి మర కొస పలకలుగా ఉండి ముందు కట్టెలో ఉన్న రేకులో ఇరుక్కుంటుంది. అది తిరిగితే ముందు కట్టె వెనక భాగం నిలువునా చీలుతుంది. ఇది దాని తమ్ముడే కదా, రిస్కెందుకని తుపాకీ పనిచేసే లైసెన్సు షాపుకే తీసుకుపోయాను. అక్కడో ముసలి చాచా ఉన్నాడు.

ఆయన మరలు విప్పి ముందు కట్టె మెల్లగా కిందికి లాగాడు. బ్యారెల్ పై సగం నల్లగా నిగనిగలాడుతోంది, కట్టెలో దాగిన కింది సగం మాత్రం మశూచి మచ్చల ముఖంలా గుంటలు గుంటలుగా ఉంది. "చూశావా చాచా, రెండు నెలల్లో స్టేషన్లో ఏం చేశారో" అన్నాను. ఆయన గోరుతో ఒక గుంట గీకి, నా వైపు చూడకుండానే అన్నాడు: "ఇది రెండు నెలల జంగు (తుప్పు) కాదు సాబ్. ఇరవై ముప్పై ఏళ్లది. వానలో తడిపి పైపైన తుడిచి పెట్టుకున్నారు ఎవరో. కట్టె లోపల నీళ్లు ఉండిపోయాయి."

స్టేషన్ వాళ్లు చేసిందల్లా పైన కనిపించిన ఎర్ర చుక్కలు. అవి నూనె గుడ్డతో రుద్దితే పోయాయి. అసలు రోగం నేను డబ్బులిచ్చి కొనుక్కున్నదే. కట్టె లోపలి వైపు నూనె, నీళ్లు నాని నల్లబడి మెత్తబడింది. మా నల్లగొండ ఎండలకు ఎండి కుంచించుకుపోయి బ్యారెల్‌ను సరిగా పట్టుకోవడమే మానేసిందట. గుండ్లు చెదిరింది అందుకే. కళ్లద్దాల డబ్బులు దండగ.

బోల్టు గురించి పైన మురిసిపోయాను కదా, అదీ ఒకసారి చూడమన్నాను. చాచా గేజు (తూటా వెనక సందు కొలిచే సాధనం) పెట్టి చూసి, ఇంకా పనికొస్తుంది గానీ చివరికొచ్చింది అన్నాడు. వెన్నలా కదలడంలో సగం ఫ్యాక్టరీ గొప్ప, సగం అరుగుదల అని ఆయన లెక్క.

మరి కొనొచ్చా అంటే నా మాట పూర్తిగా పట్టుకోకండి. నాకు భుజం మీద కనిపిస్తే చాలు, కాల్చే పని లేదు, ఆ చప్పుడు మీద నాకు మమకారం. అలాంటి వాళ్లకు పాత .315 ఇప్పటికీ మంచిదే. రేంజిలో కాల్చాలని సరదా ఉన్న కుర్రాళ్లకు మాత్రం కట్టె తీసి, బ్యారెల్ అడుగు చూసి, గేజు పెట్టించి తర్వాతే డబ్బులు ఇవ్వమంటాను. డీలరు దగ్గర కాకుండా లైసెన్సున్న మనిషి దగ్గరే కొంటుంటే, అమ్మేవాడు కలెక్టరుకో దగ్గరి స్టేషన్‌కో రాతపూర్వకంగా చెప్పి 45 రోజులు గడిచాకే చేతులు మారాలి. ఆ 45 రోజులూ వట్టిగా కూర్చోక అప్పుడే విప్పించి చూసుకోండి.

నాది చాచా శుభ్రం చేసి, కట్టె లోపల అవిసె నూనె పట్టించి ఇచ్చాడు. 2023 అసెంబ్లీ ఎన్నికలకు మళ్లీ డిపాజిట్ చేయాల్సి వచ్చింది. ఈసారి నలువైపులా ఫొటోలు తీసి, బ్యారెల్‌కు గ్రీజు పూసి, పాత పంచె చింపి చుట్టి తీసుకెళ్లాను. రసీదు రాసే కుర్ర కానిస్టేబుల్ నవ్వాపుకోలేక "ఏంది కాకా, పసిపిల్లను చుట్టినట్టు చుట్టినవ్" అన్నాడు. తడి గోడకు దూరంగా పెట్టమని మాత్రం రెండుసార్లు చెప్పి వచ్చాను.