విజయవాడ కేంద్రం, 837 కిలోహెర్ట్జ్: ఏళ్ల తరబడి విన్నవాడి సమీక్ష

ఫోన్లకూ మిక్సీలకూ వారం వాడి సమీక్షలు రాసేస్తున్నారు. డెబ్భైల నుంచి విన్న రేడియో స్టేషన్ గురించి నేనెందుకు రాయకూడదు? 1948 డిసెంబర్ 1న మొదలైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం, కృష్ణా జిల్లా పల్లెటూళ్లలో పెరిగిన మా బోటి వాళ్ల ఇళ్లలోకి కరెంటు కంటే ముందే వచ్చింది. నా తీర్పు ముందే చెప్పేస్తాను: సినిమా పాటల కోసమైతే ఆ స్టేషనుకు మంచి మార్కులు వెయ్యను. మాట కోసమైతే దానికి సాటి వచ్చేది నేనింతవరకూ వినలేదు.

ముందు రిసెప్షన్ సంగతి. విజయవాడ 837, హైదరాబాద్ 738. ఒకదాన్ని తిరగేస్తే రెండోది. కాకతాళీయమే అనుకోండి, కానీ గుర్తుపెట్టుకోవడానికి భలే వీలు. మా ఇంట్లో మర్ఫీ సెట్టు ఉండేది. సెల్లులు నీరసిస్తే ఎండలో పెట్టి, ఇంకో రెండు రోజులు లాగించేవాళ్లం. పగలు విజయవాడ శుభ్రంగా వినపడేది. చీకటి పడ్డాక మీడియం వేవ్ తరంగాలు అయనోవరణం దాకా పోయి తిరిగి కిందికి వస్తాయి కాబట్టి, ఎక్కడెక్కడి స్టేషన్లూ వచ్చి మీద పడేవి. అప్పుడు సెట్టును కాస్త పక్కకు తిప్పాలి. లోపల ఏరియల్‌లా పనిచేసే ఫెరైట్ కడ్డీకి దిక్కు పట్టింపు ఉంటుందని తర్వాతెప్పుడో రేడియో మెకానిక్ చెప్పాడు. మా నాన్నకు ఆ శాస్త్రమేమీ తెలియదు, "కొంచెం ఇటు తిప్పరా" అనేవాడు, పని జరిగేది. వేసవిలో ఉరుములొస్తే మాత్రం చేసేదేం లేదు, మాటకు రెండు చిటపటలు.

పొద్దున్నే ఆ సిగ్నేచర్ ట్యూన్. దాన్ని కట్టినవాడు వాల్టర్ కౌఫ్‌మన్ అనీ, నాజీల నుంచి తప్పించుకుని ప్రాగ్ నుంచి బొంబాయి వచ్చిన యూదు సంగీతకారుడనీ పెద్దయ్యాక చదివి ఆశ్చర్యపోయాను. ఆ తర్వాత భక్తిరంజని. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ వంటివాళ్లు నిలబెట్టిన కార్యక్రమం అది. శ్రీరంగం గోపాలరత్నం గొంతు వినపడుతుంటే మా అమ్మ పాలు పొంగిపోయినా పట్టించుకునేది కాదు. సంగీతంలో విజయవాడకు తిరుగులేని చోటు ఏదైనా ఉందంటే ఇదే. ఓలేటి వెంకటేశ్వర్లు వంటి విద్వాంసులు ఉద్యోగం చేసిన స్టేషన్ మరి.

తర్వాత ఢిల్లీ నుంచి వచ్చే వార్తలు. 1974 నుంచి వచ్చిన సంస్కృత వార్తలు ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు, అయినా "ఇయం ఆకాశవాణీ, సంప్రతి వార్తాః శ్రూయంతామ్, ప్రవాచకః బలదేవానంద సాగరః" అన్నది మాత్రం మా వీధిలో పిల్లలందరికీ కంఠతా వచ్చు. అది మొదలైందంటే 6.55 అయినట్టే, స్నానానికి లేవాలి. తెలుగు వార్తల్లో అద్దంకి మన్నార్, కందుకూరి సూర్యనారాయణ. వాళ్లు ఒత్తులు మింగేవాళ్లు కాదు, శ, ష, స లను కలిపేసేవాళ్లూ కాదు. ఇప్పటి టీవీ వార్తల్లో వినపడే ఆ కేకలు, ఆ టెన్షన్ ఏదీ లేకుండానే, ముఖ్యమైన వార్త వచ్చిందని గొంతులోనే తెలిసిపోయేది. మాకు ఉచ్చారణ నేర్పింది బడి కంటే ఆ వార్తలే అంటాను. మా ఊరి మాస్టార్లకు కోపం వచ్చినా సరే.

అసలు విషయానికొస్తాను. ఉషశ్రీ. అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు, ఆ పేరు చెబితే సగం మందికి తెలియదు. ఆయన రామాయణ, భారతాలు చెబుతుంటే అది ప్రవచనంలా ఉండేది కాదు, ఎదురింటాయన అరుగు మీద కూర్చుని కబుర్లు చెబుతున్నట్టు ఉండేది. రాగాలు తీయడం, కన్నీళ్లు పెట్టించడం ఆయన పద్ధతి కాదు. చిన్న చిన్న వాక్యాలు. ఒక వాక్యం చెప్పి ఆగేవాడు. ఆ ఆగడంలోనే సగం కథ నడిచేది. ధర్మసందేహాలకైతే ఇక చెప్పక్కర్లేదు. శ్రోతలు ఉత్తరాల్లో పంపిన ప్రశ్న చదివి, శాస్త్రం చెప్పేది చెప్పేసి, ప్రశ్న మరీ చాదస్తంగా ఉంటే నవ్వుతూనే చురక వేసేవాడు. దేవుణ్ణి నమ్మని మా చిన్నాన్న కూడా ఆ సమయానికి రేడియో దగ్గరే ఉండేవాడు, భాష కోసం అని బుకాయిస్తూ. శ్రీరామనవమికి భద్రాచలం కళ్యాణానికి ఆయన చెప్పిన వ్యాఖ్యానం విన్నవాళ్లకు, తర్వాత టీవీలో అదే కళ్యాణం చూస్తే ఏదో తక్కువైనట్టే ఉంటుంది. నాకైతే అంతే. 1990లో ఆయన పోయారు. ఆయన తర్వాత చెప్పినవాళ్లలో పండితులున్నారు, కాదనను. కానీ ఆ ఆపు ఎవరికీ రాలేదు.

రెండో బలం నాటకం. నండూరి సుబ్బారావు, సి. రామమోహనరావు, ఎ.బి. ఆనంద్, వి.బి. కనకదుర్గ. ఈ పేర్లు వినపడ్డాయంటే మా ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. రేడియో నాటకంలో మొహం లేదు, చీర లేదు, సెట్టింగు లేదు. మనిషి గదిలోకి వచ్చాడో బయటికి పోయాడో మైకు నుంచి దూరంతోనే తెలియాలి. కోపం, కపటం, మొహమాటం అన్నీ ఊపిరిలో వినపడాలి. కనకదుర్గ గొంతులో నేను అత్తగారినీ, పెళ్లికూతురినీ కూడా చూశాను. చూశాననే అంటున్నాను. హైదరాబాద్ కేంద్రానికి శారదా శ్రీనివాసన్ ఉండేవారు, ఆవిడ గొంతుకు నేనూ దాసుణ్ణే. కానీ జట్టుగా తీసుకుంటే నా ఓటు విజయవాడకే. ఇందులో కృష్ణా జిల్లా పక్షపాతం ఉంటే ఉండనీయండి.

పిల్లల కార్యక్రమాల్లో మాత్రం హైదరాబాద్‌దే పైచేయి. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, అక్కయ్య కామేశ్వరి మద్రాసులో మొదలుపెట్టి తర్వాత హైదరాబాద్ వచ్చారు. మాకు 738 అంత బాగా అందేది కాదు, అదొక లోటు.

ఇక లోపాలు. రోజంతా ప్రసారం ఉండేది కాదు, మూడు విడతలు. మధ్యలో స్టేషన్ మూసేస్తే ఉత్త హోరు. సినిమా పాటలు కొసరి కొసరి వేసేవాళ్లు. దానికోసం మేం షార్ట్‌వేవ్‌కి తిప్పి రేడియో సిలోన్ పట్టుకునేవాళ్లం. అక్కడ మీనాక్షి పొన్నుదురై తెలుగు పాటలు వినిపించేవారు. పాట సగంలో అల వచ్చినట్టు గొంతు మునిగి మళ్లీ తేలేది. అయినా పాటలకు నా మార్కులు సిలోన్‌కే.

ఇప్పుడు న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో విజయవాడ కేంద్రం ఎక్కడి నుంచైనా వినొచ్చు. డాలస్‌లో ఉన్న మా అన్నయ్య కొడుకు కూడా వింటున్నాడు. చిటపటల్లేవు, సెట్టు తిప్పే పని లేదు. పాటలు కావాలనుకునేవాళ్లకు ఎఫ్ఎం రెయిన్‌బో 102.2 ఉంది. నేను మాత్రం పాత రికార్డింగుల కోసమే ఎక్కువ వెతుకుతుంటాను. ఉషశ్రీ ప్రసంగాలు యూట్యూబ్‌లో దొరుకుతాయి. కొత్తగా వినేవాళ్లు రామాయణంతో మొదలుపెట్టండి, స్పీడు మాత్రం పెంచకండి.

పాత క్యాసెట్లలోంచి నాటకాలు ఎక్కించి పెడుతున్నవాళ్లకు ఒక్క మనవి. చాలామంది మొదట్లో వచ్చే ప్రకటన కత్తిరించి నేరుగా నాటకంలోకి పోతున్నారు. రచన ఎవరు, నిర్వహణ ఎవరు, ఏ పాత్ర ఎవరు వేశారు అని చదివేది అక్కడే. కింద టైటిల్లో కూడా పేర్లుండవు. గొంతు గుర్తుపట్టగలిగిన మా వయసువాళ్లకు ఫరవాలేదు. మిగతావాళ్ల కోసం ఆ అర నిమిషం ఉంచండి.