అష్టపదుల నృత్యం: కోపం పండింది, సంతోషం తొందరపడింది

జయదేవుడి గీతగోవిందంలో రాధాకృష్ణుల ప్రేమ చెప్పే పాటలు, అంటే 24 అష్టపదుల్లో అయిదింటిని ఏరి, రాధ విరహంలో మొదలుపెట్టి స్వాధీనపతికగా (ప్రియుణ్ణి చెప్పుచేతల్లో పెట్టుకున్న నాయికగా) నిలిచేదాకా కూచిపూడిలో నడిపిన ప్రదర్శన ఇది. నిడివి గంటన్నర. రికార్డు పాట కాదు, గాయని, వయొలిన్, వేణువు, మృదంగం, నట్టువాంగం (తాళాలు కొడుతూ నృత్యాన్ని నడిపించడం) అన్నీ వేదిక మీదే.

ఎంపికకు మంచి మార్కులే వెయ్యాలి. చాలామంది ఏడుపు నుంచి ఏకంగా కలయికకు దూకేస్తారు, మధ్యలో రాధకు కోపం వస్తుందన్న సంగతే వదిలేసి. ఇక్కడ 17వ అష్టపది 'యాహి మాధవ'కే ('వెళ్లు, మాధవా') పెద్దపీట. తెల్లారి వచ్చిన కృష్ణుడి కళ్లు నిద్రలేక ఎర్రబడ్డాయి, పెదవికి ఎవరి కాటుకో అంటింది. నర్తకి ఆ పెదవి మీద వేలు రాసి, కొనకంటిన నలుపు చూసి, బొటనవేలితో నలిపేసింది. అంతే! ప్రియుడు వేరొకరి దగ్గర గడిపొచ్చాడని మండిపడే ఖండిత నాయికకు ఇంతకన్నా అక్కర్లేదు. పల్లవి తిరిగొచ్చిన ప్రతిసారీ 'యాహి' రంగు మారింది: ముందు విసురు, తర్వాత వెటకారం, ఆఖర్న అలసట.

తేడా వచ్చింది చివర్లోనే. 24వది 'కురు యదునందన'లో రాధ గంతులెయ్యదు. కృష్ణుడికి పనులు పురమాయిస్తుంది: కస్తూరి దిద్దు, కాటుక పెట్టు, జడలో పూలు తురుము. ఆవిడ సంతోషమంతా ఆ దర్జాలోనే ఉంది. దీన్ని ద్రుతంలో (వేగంగా) ఎత్తుకుని, రెండు చరణాలతో సరిపెట్టి, జతులతో (తాళానికి పలికే సొల్లులకు వేసే అడుగులతో) ముగించేశారు. అలంకారం చేయించుకునే ముఖం కాసేపు కదలకుండా కనబడాలి. దానికి విళంబమే (నెమ్మది నడకే) దారి. చప్పట్ల కోసం జతులే కావాలంటే విడిగా తిల్లానా (అడుగుల జోరు చూపే హుషారు అంశం) పెట్టుకోవచ్చుగా.

విరహ ఘట్టానికి నీలం లైటు ముంచెత్తారు. నీలం వెలుగులో ఎరుపు నల్లగా కనిపిస్తుంది, కుంకుమ, పెదవులు, పారాణి అన్నీ మసిబారాయి. వెనక నుంచి నీలం, ముఖానికి పసుపు ఛాయ ఇస్తే సరిపోయేది. నట్టువాంగం తాళాలు గాయని మైకులో పడి సాహిత్యాన్ని మింగాయి. ఇద్దర్నీ నాలుగడుగులైనా ఎడంగా కూర్చోబెట్టాలి. వ్యాఖ్యానం మాత్రం పాటకు రెండు వాక్యాలు మించలేదు, హాయి.

గుడి ఉత్సవాలకు ఈ బృందాన్ని పిలిచేవాళ్లు 'కురు యదునందన' నాలుగు చరణాలైనా చెయ్యాలని ముందే మాట్లాడుకోండి. సమయం చాలకపోతే విరహంలో ఒక అష్టపది తగ్గించమనండి, 'యాహి మాధవ' జోలికి మాత్రం పోనివ్వకండి.