క్రాంజి వార్ సిమెట్రీ, సింగపూర్: తెలుగు సైనికుడి పేరు కోసం వెళ్లేవారికి

రెండో ప్రపంచ యుద్ధంలో సింగపూర్, మలయా వైపు వెళ్లి తిరిగిరాని తాతగారి కోసమో, మేనమామగారి కోసమో క్రాంజి యుద్ధ శ్మశానవాటికకు వెళ్తున్నవారు ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. ఆయన హిందువైతే, పచ్చికలో వరసలు తీరిన తెల్లరాళ్ల మధ్య పేరు దొరికే అవకాశం తక్కువ. దహనం చేసినవారి పేర్లు వేరేచోట ఉన్నాయి. భౌతికకాయమే దొరకనివారి పేర్లు మరోచోట చెక్కారు. ఇది తెలియకుండా సమాధుల మధ్య ఎంతసేపు తిరిగినా ఎండదెబ్బే మిగులుతుంది.

స్థలం కొండవాలు మీద ఉంది. గేటు నుంచి పైకి ఎక్కుతుంటే కనిపించేవి సమాధులు. రెండో ప్రపంచ యుద్ధానికి చెందినవారు 4,461 మంది ఇక్కడున్నారు, వారిలో 850 మందికి పైగా ఎవరో తేలలేదు. కొండ నెత్తిన విమానం రెక్కల్లా పరుచుకున్న పైకప్పు, మధ్యలో ఎత్తైన స్తంభం ఉన్న కట్టడమే సింగపూర్ మెమోరియల్. 1957 మార్చి 2న ఆవిష్కరించారు. సమాధి లేని 24,000 మందికి పైగా సైనికుల, వైమానికుల పేర్లు దాని స్తంభాల మీద ఉన్నాయి. మన భారత సైన్యం వాళ్లలో ఎక్కువమంది అక్కడే. దాని వెనకాలే దహన స్మారకం ఉంది. తమ మతాచారం ప్రకారం దహనమైన దాదాపు 800 మందిని అక్కడ స్మరించారు, వారిలో ఎక్కువమంది భారత సైనికులే. పెద్ద కట్టడం చూసి కిందికి దిగిపోతే ఇది కంటపడదు. కాబట్టి దాని చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లాలి.

అసలు పని ఇంటిదగ్గరే మొదలుపెట్టాలి. ఈ స్థలాన్ని చూసుకునేది 1917లో ఏర్పడిన కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్. వాళ్ల వెబ్‌సైట్‌లో చనిపోయినవారి వివరాలు ఉచితంగా వెతకవచ్చు. వెతుకుడు పెట్టె విదేశీ పేర్ల కోసం చేసినట్టుంటుంది, అక్కడే తెలుగువాళ్లకు చిక్కు. ఇంటిపేరు కొడితే చాలాసార్లు ఏమీ రాదు, ఎందుకంటే రికార్డులో ఇంటిపేరు రాయడమే తక్కువ. ఇంటిపేరు గడిలో అసలు పేరే కొట్టాలి. అప్పలస్వామి, అప్పలసామి, అప్పల స్వామి అని ఒకే పేరును ఆనాటి గుమాస్తా ఎలా వింటే అలా రాశాడు. అందుకని మొదటి నాలుగైదు అక్షరాలతోనే ప్రయత్నించండి. ఏ సైన్యంలో పనిచేశారన్న దగ్గర భారత సైన్యాన్ని, దేశం దగ్గర సింగపూర్‌ను ఎంచుకుంటే జాబితా బాగా తగ్గుతుంది.

ఇంకో దారి ఇంతకన్నా మంచిది. అదనపు సమాచారం అనే గడిలో తండ్రి పేరు, ఊరు, జిల్లా ఉంటాయి. అక్కడ ఊరు, జిల్లా పేర్లను ఇప్పటి స్పెల్లింగుతో కాక దొరల కాలం స్పెల్లింగుతో కొట్టాలి: విశాఖకు విజాగపటం (Vizagapatam), కాకినాడకు కొకనాడా (Cocanada), ఏలూరుకు ఎల్లోర్ (Ellore), కృష్ణాకు కిస్ట్నా (Kistna). కడపకు ఇంగ్లీషులో రెండు డీలు పడతాయి (Cuddapah). కొందరికి కుటుంబ వివరాలే నమోదు కాలేదు, అలాంటివారిని సర్వీసు నంబరుతోనే పట్టాలి. ఇంట్లో పాత పెన్షను కాగితం ఉంటే దాని మీద ఆ నంబరు ఉంటుంది.

రెజిమెంటు పేరు చూసి తొందరపడకండి. 19వ హైదరాబాద్ రెజిమెంటులో ఎక్కువగా ఉత్తరాదివారే ఉండేవారు, అదే తర్వాత కుమావూన్ రెజిమెంటు అయింది. 1941 డిసెంబరులో మలయాలోని కోట భారులో ఉన్న 1వ హైదరాబాద్ ఇన్‌ఫంట్రీ మాత్రం నిజాం సంస్థానపు దళం. కోస్తా జిల్లాలవారి కోసమైతే మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్ (సైనిక ఇంజనీర్ల దళం), సైనిక వైద్య, రవాణా విభాగాలు చూడండి. బర్మాలో చనిపోయినట్టు తేలితే సింగపూర్ టికెట్టు కొనకండి. ఆ పేర్లలో ఎక్కువ యాంగాన్ (రంగూన్) దగ్గర తౌక్యాన్ యుద్ధ శ్మశానవాటికలో ఉన్నాయి.

రికార్డు దొరికాక దాని కింద ఉన్న సూచికను కాగితం మీద రాసుకోండి. సమాధికైతే ప్లాటు అంకె, వరస అక్షరం, సమాధి అంకె ఉంటాయి. మెమోరియల్‌కైతే కాలమ్ నంబరు ఉంటుంది. స్తంభాల మీద పేర్లు ముందు రెజిమెంటువారీగా, అందులో హోదావారీగా, ఆ తర్వాతే అక్షరక్రమంలో వస్తాయి. అందుకే రెజిమెంటు తెలియకుండా పేరు ఒక్కటే పట్టుకుని వెళ్తే ఇరవై నాలుగు వేల పేర్లలో వెతకాల్సి వస్తుంది. పై వరసలు తల ఎత్తినా చదవలేనంత ఎత్తులో ఉంటాయి కాబట్టి జూమ్ ఉన్న కెమెరా కానీ చిన్న బైనాక్యులర్ కానీ ఉంటే మేలు. మధ్యాహ్నం బయటి వెలుతురుకూ పైకప్పు నీడకూ తేడా ఎక్కువై ఫోటోలో అక్షరాలు కలిసిపోతాయి. పొద్దున్నే వెళ్లి పక్క నుంచి తీస్తే చెక్కిన గాట్లు తేలి కనిపిస్తాయి. అక్షరాల్లో సుద్ద రుద్దకండి.

పూలు పెట్టవచ్చు, ప్లాస్టిక్ కవరు తీసేసి పెడితే చాలు. దీపం, అగరొత్తులు, పసుపు, కుంకుమ మాత్రం రాతి మీద వద్దు. నూనెను రాయి పీల్చుకుంటుంది, కుంకుమ మరక కడిగినా పోదు. తర్పణం, పిండం లాంటివి బస దగ్గరే చేసుకుని ఇక్కడ నమస్కారంతో సరిపెట్టుకోవడం మంచిదని మా అభిప్రాయం. గడ్డి, రాళ్లు, పూలమొక్కలు ఇంత శ్రద్ధగా చూసుకునే చోటు మన దేశంలోనూ అరుదు. ఆ శ్రమను మనం పాడుచేయకూడదు.

వెళ్లడం తేలిక. ఎంఆర్‌టీ (సింగపూర్ మెట్రో రైలు) ఎర్ర లైనులో క్రాంజి స్టేషన్‌లో దిగి వుడ్‌లాండ్స్ రోడ్డు వెంట పది పదిహేను నిమిషాలు నడవాలి. క్వీన్ స్ట్రీట్ నుంచి 170 నంబరు బస్సు ఆ రోడ్డునే పోతుంది, కానీ అది సరిహద్దు దాటి మలేషియాలోని జొహోర్ బారుకు వెళ్లే బస్సు కాబట్టి శనివారం పొద్దున కిక్కిరిసి ఉంటుంది. లోపల తినడానికి ఏమీ దొరకదు, నీళ్లు, గొడుగు తీసుకెళ్లండి. వాలు, మెట్లు ఉన్నాయి కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను నెమ్మదిగా ఎక్కించాలి. పక్కనే ఉన్న క్రాంజి మిలిటరీ సిమెట్రీ వేరు. 1975లో వేరే చోట్ల నుంచి తెచ్చిన, యుద్ధానికి సంబంధం లేని సమాధులు అక్కడివి.

మలయా రబ్బరు తోటల నుంచి జపాన్ సైన్యం సయాం-బర్మా రైలు మార్గం పనికి తోలుకుపోయిన తెలుగు, తమిళ కూలీల పేర్లు ఇక్కడ లేవు. సైనికులు కాదు కాబట్టి కమిషన్ పరిధిలోకి రారు. ఆ కుటుంబాలవారు ఇక్కడికి వచ్చి వెతకడం వృథా, ఇది చెప్పడానికి మాకు కష్టంగా ఉంది.

సైనికుడే అయ్యుండి రికార్డులో పేరు తప్పుగా ఉన్నా, అసలే లేకపోయినా కమిషన్‌కు రాయవచ్చు. 1939 సెప్టెంబరు 3కూ 1947 డిసెంబరు 31కీ మధ్య, సర్వీసులో ఉండగా చనిపోయినట్టు ఆధారం కావాలి. మరణవార్త తెలిపిన ఉత్తరం, పెన్షను ఉత్తర్వు, సర్వీసు నంబరున్న ఏ కాగితమైనా స్కాన్ చేసి పంపండి. అసలు కాగితాలు ఇంట్లోనే ఉంచండి.