అనువాద యాప్‌తో 28 నెలల కాపురం

పరిచర్య కోసం మేమిద్దరం ఈ కొత్త దేశంలో, కొత్త నగరంలో దిగి 28 నెలలైంది. అన్నాళ్లూ రోజూ చేతిలో ఉన్నది, బైబిల్ తర్వాత, ఫోన్‌లోని ఈ అనువాద యాప్. పేరు రాయను, ఎందుకంటే కింద తిట్లున్నాయి, అవి ఇలాంటి యాప్‌లన్నిటికీ ఎంతో కొంత తగులుతాయి. నేనిచ్చే మార్కులు 5కి 3. ఆ 3 కూడా కాగితాల పుణ్యమే.

కొత్త ఊళ్లో మొదటి ఆరు నెలలు సేవ అంటే సగం కాగితాలే, ఈ సంగతి బయల్దేరే ముందు ఎవరూ చెప్పరు. నివాస అనుమతి ఫారాలు, అద్దె ఒప్పందం, బ్యాంకు ఉత్తరాలు, మెట్ల దగ్గర అంటించే నోటీసులు. కెమెరా పెడితే ఆ అక్షరాల మీదే తెలుగు తేలుతుంది, మొదటి వారం మా ఆవిడా నేనూ చిన్నపిల్లల్లా గోడ మీద కనబడ్డవన్నీ చదివాం. చేతిరాత మాత్రం దానికి సరిగా రాదు. నీళ్లు ఆపేస్తున్నామని ఎవరో చేత్తో రాసి పెట్టిన చీటీని "నీరు చనిపోయింది, గురువారం" అని చూపించింది. గురువారం పొద్దున ఒంటినిండా సబ్బుతో నిలబడ్డాక గానీ దాని అర్థం తెలియలేదు.

ఆఫ్‌లైన్ ప్యాక్ మాత్రం ఇంట్లో ఉండగానే దించుకోండి. అనుమతి ఆఫీసులో మా కౌంటర్ నేలమాళిగలో ఉంది, సిగ్నల్ సున్నా, వెనక 20 మంది క్యూ, నేను తెల్ల స్క్రీన్ చూస్తూ చెమటలు కక్కాను. ఆఫ్‌లైన్‌లో వాక్యాలు కాస్త మొరటుగా వస్తాయి, అయినా పని నడుస్తుంది.

అసలు గొడవంతా మాటల దగ్గర. తెలుగు నుంచి ఇక్కడి భాషకి ఇది ఇంగ్లీషు మీదుగా పోతున్నట్టుంది, దారిలో మీరు, నువ్వు తేడా కరిగిపోతోంది. ఇక్కడి భాషలోనూ పెద్దవాళ్లకి వేరే మాట ఉంది, అయినా కింది అంతస్తు పెద్దాయన్ని నాలుగు నెలలు నువ్వు, నువ్వు అంటూ పలకరించాను, ఆయనేమో పాపం నవ్వుతూనే ఉన్నాడు. మన, మా తేడా కూడా అంతే. మన సంఘం పదాలైతే మరీ ఘోరం: సహవాసంలో, అంటే సంఘం కూడికలో, ఒకాయన్ని సాక్ష్యం (దేవుడు తన జీవితంలో చేసిన మేలు) చెప్తారా అని అడిగితే, కోర్టులో వాంగ్మూలం ఇస్తారా అన్నట్టు వెళ్లింది, ఆయన ముఖంలో టెన్షన్ చూసి నాకూ టెన్షన్. తిరిగి తెలుగులోకి మార్చి సరిచూసుకోవచ్చు కదా అంటారేమో, నేనూ అదే చేశాను. వెళ్లిన దారినే వెనక్కొస్తుంది కాబట్టి తప్పు కూడా ముచ్చటగా ఒప్పై కూర్చుంటుంది.

ఇంగ్లండ్ మిషనరీ విలియం కేరీ 1793లో కలకత్తాలో దిగితే, తన సేవలో తొలి బెంగాలీ విశ్వాసి కృష్ణపాల్‌కి బాప్తిస్మం ఇచ్చింది 1800 డిసెంబరులో, అదీ భాష నేర్పడానికి రామ్‌రామ్ బసులాంటి మున్షీ తోడుండగా. జేబులో ఫోన్ ఉందిగా, ఆరు నెలల్లో దడదడా మాట్లాడేస్తాననుకున్నవాణ్ణి కాబట్టి ఈ తేదీలు అప్పుడప్పుడు నాకు నేనే చెప్పుకుంటాను.

2 మార్కులు తగ్గించింది పై అంతస్తు ముసలమ్మ కోసం. మేమొచ్చిన నాలుగో నెలలో ఆవిడ భర్త పోయారు. వెళ్లాను, ఓదార్పు మాటలు తెలుగులో చెప్పి బటన్ నొక్కాను, ఫోన్‌లోంచి ఒక అమ్మాయి గొంతు, రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంటులా హుషారుగా, ఆ మాటలు చదివేసింది. ఆవిడ నా వైపు చూడలేదు, ఫోన్ వైపు చూసి తలూపింది. నాకైతే అక్కణ్ణుంచి మాయమైపోదామనిపించింది. వారం తర్వాత రెండే రెండు వాక్యాలు బట్టీపట్టి, ఫోన్ ఇంట్లో పెట్టి మళ్లీ వెళ్లాను. రెండో వాక్యం క్రియ తప్పు చెప్పాను. ఆవిడ సరిచేసింది, మళ్లీ చెప్పమంది, కూర్చోమని కుర్చీ లాగింది.

ఇప్పుడు మంగళవారాలు ఆవిడ దగ్గర గంటసేపు చదువు. యాప్‌ని ఉత్తరాలకే ఉంచాను, అందులోనూ చేతిరాతవైతే పైకి పట్టుకెళ్లి ఆవిడ చేతే చదివించుకుంటున్నాను.