కాటా బిల్లుల పనిలో వాడి చూసిన కోడింగ్ ఫాంట్లు, తేలికపాటి బ్రౌజర్లు

భీమవరం చుట్టుపక్కల రొయ్యలు కొనే వ్యాపారులకూ, అంబాజీపేట వైపు కొబ్బరి వర్తకులకూ బిల్లింగు ప్రోగ్రాములు రాసి ఇవ్వడం నా వృత్తి. వారి దుకాణాల్లో ఉండే కంప్యూటర్లు దాదాపు అన్నీ పాతవే: 2 జీబీ మెమరీ, 1366×768 తెర, సెల్‌ఫోను హాట్‌స్పాట్ మీద నడిచే ఇంటర్నెట్టు. నేను కోడు రాసేది కూడా అటువంటి యంత్రం మీదనే, ఎందుకంటే నా దగ్గర సాఫీగా నడిచి వారి దగ్గర మొరాయించే ప్రోగ్రాము వల్ల ఎవరికీ ప్రయోజనం లేదు. కొన్ని సంవత్సరాలుగా డెబియన్ అనే లినక్సు రకం మీద ఓపెన్ సోర్స్ కోడింగ్ ఫాంట్లనూ (ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు ఉండే ఫాంట్లు), తేలికపాటి బ్రౌజర్లనూ మార్చి మార్చి వాడిన మీదట నాకు కలిగిన అభిప్రాయం ఏమిటంటే, ఈ రెండింటి విషయంలోనూ ఇంగ్లీషు సమీక్షలు మనకు సగం దూరమే తోడు వస్తాయి. తెలుగు అక్షరం తెర మీదికి వచ్చిన తరువాతనే అసలు తేడాలు బయటపడతాయి.

ముందుగా అంకెల సంగతి చెప్పాలి. బ్యాంకు శాఖల ఐఎఫ్ఎస్‌సీ కోడులో 11 స్థానాలుంటాయి. మొదటి నాలుగు బ్యాంకు పేరును సూచించే అక్షరాలు, ఐదవది ఎప్పుడూ సున్నాయే, మిగిలిన ఆరు శాఖను గుర్తిస్తాయి. రైతుకు డబ్బు పంపవలసిన గుమాస్తా ఆ ఐదవ స్థానంలో ఇంగ్లీషు ఓ అక్షరాన్ని కొట్టడం నిత్యం జరిగేదే. జీఎస్టీ నంబరు 15 స్థానాలది. మన రాష్ట్రానిది 37తో మొదలవుతుంది, 14వ స్థానంలో సాధారణంగా జెడ్ ఉంటుంది, అది కూడా నాసిరకం ఫాంటులో రెండంకెలాగే కనిపిస్తుంది. అందువల్ల సున్నాకూ ఓకూ, ఒకటికీ ఎల్‌కూ, రెండుకూ జెడ్‌కూ మధ్య తేడా చూపించని ఫాంటును నేను కోడు రాసే ఎడిటర్లో గానీ, గుమాస్తా చూసే తెర మీద గానీ ఉంచను. ఈ పరీక్షలో నేను వాడిన ఐదు ఫాంట్లూ నెగ్గాయి. జెట్‌బ్రెయిన్స్ మోనోలోనూ హ్యాక్‌లోనూ సున్నా నడుమ నిలువుగా సాగిన చుక్క ఉంటుంది, ఫిరా కోడ్‌లోనూ సోర్స్ కోడ్ ప్రోలోనూ మామూలు చుక్క ఉంటుంది, అయొసెవ్కాలో ఏటవాలుగా గీత ఉంటుంది. చుక్క కంటే గీత స్పష్టమని నేను అనుకునేవాణ్ని కానీ, చిన్న సైజులో గీత ఉన్న సున్నా ఎనిమిదికి దగ్గరగా కనిపిస్తుందని ఒక గుమాస్తా చెప్పిన మాట నిజమే.

ఇరుకైన తెర మీద అయొసెవ్కాకు సాటి లేదు. మిగిలిన వాటిలో ఒక్కొక్క అక్షరం ఫాంటు సైజులో (దీనినే ఎమ్ కొలత అంటారు) 1000కి 600 వంతుల వెడల్పు తీసుకుంటే, ఇది 500 మాత్రమే తీసుకుంటుంది. అంటే ఫిరా కోడ్‌లో 100 అక్షరాలు పట్టే చోట ఇందులో 120 పడతాయి. పాత తెర మీద రెండు ఫైళ్లను పక్కపక్కన తెరిచి పోల్చుకోవలసి వచ్చినప్పుడు నేను దీనినే పెట్టుకుంటాను. అయితే ఇరుకుదనం కళ్లకు భారమే. రోజంతా చూసేందుకు 2020లో వచ్చిన జెట్‌బ్రెయిన్స్ మోనో మేలు. దానిలో చిన్న అక్షరాల ఎత్తు ఎక్కువ, వరుసల మధ్య ఎడం కూడా ఉదారంగా ఉంటుంది. 2012 నాటి అడోబీ వారి సోర్స్ కోడ్ ప్రో నెమ్మదైన, నమ్మదగిన ఫాంటు. హ్యాక్ పాత తెరల మీద చిన్న సైజులో బాగా పొసగుతుంది. ఈ రెండింటి గురించి ఇంతకంటే చెప్పవలసింది నాకు కనబడలేదు.

మొజిల్లా వారి ఫిరా మోనో ఆధారంగా నికితా ప్రొకొపోవ్ తయారుచేసిన ఫిరా కోడ్ ప్రత్యేకత లిగేచర్లు. రెండు మూడు గుర్తులు కలిసి తెర మీద ఒకే గుర్తుగా కనిపించడం మన వత్తులకు అలవాటుపడిన కంటికి వింతేమీ కాదు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో దానిని కౌంటు అంటారు. 30 కౌంటుకు ఒక ధర, 100 కౌంటుకు మరొక ధర, మధ్యలో మెట్లు. ఆ ధరల పట్టిక రాసిన కోడు నిండా <=, >= గుర్తులే ఉంటాయి, అవి ≤, ≥ లాగా కనిపిస్తే చదవడం సుఖంగానే ఉంటుంది. కానీ నా దగ్గర పని నేర్చుకునే కుర్రవాళ్లు != అని కొట్టవలసిన చోట తెర మీద ≠ చూసి ఆ మీట కీబోర్డులో ఎక్కడుందని వెతుకుతారు. నేర్పే చోట లిగేచర్లు వద్దనే నా అభిప్రాయం. అవి లేని జెట్‌బ్రెయిన్స్ మోనో ఎన్‌ఎల్ అనే రూపం విడిగా దొరుకుతుంది, అయొసెవ్కాలో అయితే ఫిక్స్‌డ్ అనే రూపం ఉంది.

ఇక తెలుగు. పైన చెప్పిన ఫాంట్లలో ఒక్కదానిలోనూ తెలుగు అక్షరాలు లేవు. కోడులో 'కొబ్బరి దింపు కూలి' అని రాయగానే లినక్సులో ఫాంట్‌కాన్ఫిగ్ అనే వ్యవస్థ యంత్రంలో ఉన్న మరొక ఫాంటును వెతికి తెస్తుంది. ఒకటికి మించి తెలుగు ఫాంట్లు ఎక్కించి ఉంటే ఏది వస్తుందో మన చేతిలో ఉండదు. శీర్షికలకు పనికొచ్చే లావుపాటి రామభద్ర వచ్చి కోడు మధ్యలో కూర్చోవచ్చు. కాబట్టి ఫాంట్‌కాన్ఫిగ్ సెట్టింగుల ఫైలులో కోడింగ్ ఫాంటు తరువాత నోటో శాన్స్ తెలుగును గానీ, లోహిత్ తెలుగును గానీ పేరు పెట్టి రాసుకోవడం తప్పనిసరి. అలా రాసుకున్నా, పైన గుడి, కింద వత్తు ఉన్న తెలుగు వరుసకు ఇంగ్లీషు వరుస కంటే ఎక్కువ చోటు కావాలి. వరుసల ఎడం తక్కువగా ఉన్న ఫాంటుతో కొన్ని ఎడిటర్లలో వత్తుల అడుగు తెగిపోతుంది, మరికొన్నింటిలో ఆ ఒక్క వరుస ఎత్తు పెరిగి పేజీ ఎగుడుదిగుడుగా మారుతుంది. జెట్‌బ్రెయిన్స్ మోనోతో ఈ బాధ అన్నింటికంటే తక్కువగా ఉంది, నేను చివరికి దాని దగ్గర నిలవడానికి అసలు కారణం ఇదే.

ఏ ఫాంటూ తీర్చలేని చిక్కు మరొకటి ఉంది. 'కొబ్బరి' అనే మాట మనకు మూడక్షరాలు, యూనికోడ్ లెక్కలో ఏడు. ఖాళీలు పెట్టి బిల్లులో నిలువు వరుసలు సరిచేసే పాత పద్ధతి ఇక్కడ పనిచేయదు. ఎక్స్‌టెర్మ్ వంటి టెర్మినల్లో (ఆదేశాలు టైపు చేసే కిటికీలో) అయితే వత్తులు కలవనే కలవవు. అందుకే నా ప్రోగ్రాములు బిల్లునూ ధరల పట్టికనూ హెచ్‌టీఎంఎల్ పట్టికగా తయారుచేసి, అదే యంత్రంలోని బ్రౌజరుకు అందిస్తాయి. బ్రౌజర్ల వేట నాకు మొదలైంది అక్కడి నుంచే.

దుకాణాల్లో ఈ ఫాంట్లను ఉచితంగా ఎక్కించి ఇవ్వవచ్చా అని కొందరు అడుగుతారు. హ్యాక్ తప్ప పైన చెప్పిన కోడింగ్ ఫాంట్లన్నీ ఎస్‌ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్నాయి. ప్రోగ్రాముతో కలిపి ఇవ్వవచ్చు, అమ్మవచ్చు కూడా, ఫాంటును మాత్రం విడిగా అమ్మకూడదు. హ్యాక్ లైసెన్సు వేరైనా అదీ ఉదారమైనదే.

తేలిక బ్రౌజరు అనే మాటను జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే బరువంతా పేజీని గీసే ఇంజనులో ఉంటుంది. క్యుప్‌జిల్లా పేరుతో మొదలై 2017లో కేడీఈ అనే ఓపెన్ సోర్స్ బృందం గూటికి చేరిన ఫాల్కన్ చూడటానికి చక్కగా, పొందికగా ఉంటుంది, ప్రకటనలను అడ్డుకునే ఏర్పాటు కూడా లోపలే ఉంది. కానీ లోపల ఉన్నది క్యూట్ వెబ్ ఇంజన్, అంటే గూగుల్ క్రోమ్‌కు ఆధారమైన క్రోమియమే. నాలుగు బరువైన పేజీలు తెరిస్తే 2 జీబీ యంత్రం ఎప్పటిలాగే ఉక్కిరిబిక్కిరవుతుంది. తెలుగు మాత్రం నిర్దోషంగా వస్తుంది. ఫైర్‌ఫాక్స్ పాత రూపం నుంచి చీలి గొయానా అనే ఇంజనుతో నడిచే పేల్ మూన్ నా యంత్రంలో దీనికంటే తేలికగా నడిచింది, తెలుగూ బాగుంది. కొత్త తరహాలో కట్టిన వెబ్‌సైట్లలో కొన్ని అందులో తెరుచుకోవు.

నిజంగా తేలికైనవి సొంత ఇంజను ఉన్నవి. 1999లో మొదలై, 2015 తరువాత చాలాకాలం నిద్రపోయి, 2024లో 3.1 కూర్పుతో మళ్లీ లేచిన డిల్లో మీట నొక్కగానే ప్రత్యక్షమవుతుంది. జావాస్క్రిప్టు అసలే లేదు. తుపాను రోజుల్లో నెట్టు చుక్కచుక్కగా వచ్చేటప్పుడు, బొమ్మలు ఆపేసి ఇంగ్లీషులో ఉన్న సాంకేతిక పత్రాలు చదువుకోవడానికి దానిని మించినది నాకు కనబడలేదు. కానీ అది ఆధారపడిన ఎఫ్‌ఎల్‌టీకే పరికరాల పెట్టె (కిటికీలు, మీటలు గీసి పెట్టే లైబ్రరీ) అక్షరాలను విడివిడిగా గీస్తుంది. నేను వాడిన కూర్పులో తెలుగు వికీపీడియా తెరిస్తే పొల్లులు, వత్తులు, గుణింతపు గుర్తులు విడిపోయి చదవడానికి వీలు లేకుండా వచ్చాయి. దుకాణంలో పెట్టడానికి అది పనికిరాదు.

2002లో రిస్క్ ఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం పుట్టిన నెట్‌సర్ఫ్ దగ్గర నా వెతుకులాట ఆగింది. లినక్సులో నడిచే దాని జీటీకే రూపం అక్షరాలు గీయడానికి పాంగో అనే లైబ్రరీని వాడుకుంటుంది కాబట్టి 'స్త్రీ', 'కొబ్బరి' వంటి మాటలు సరిగ్గా కూడుకుంటాయి. 2023 చివర్లో వచ్చిన 3.11 కూర్పు నుంచి పేజీలోని భాగాలను వరుసగా సర్దే ఫ్లెక్స్ అమరిక కూడా దానికి తెలుసు. జావాస్క్రిప్టు నామమాత్రమే కనుక బ్యాంకు పేజీలూ, ప్రభుత్వ సేవల వెబ్‌సైట్లూ దానితో అయ్యే పని కాదు. వాటికి దుకాణంలో ఫైర్‌ఫాక్స్ ఉండవలసిందే. ధరల పట్టిక మాత్రం రోజంతా నెట్‌సర్ఫ్‌లోనే తెరిచి ఉంటుంది.

నా సొంత వాడకంలో మరొకటి మిగిలింది, క్యూట్‌బ్రౌజర్. మౌసు ముట్టకుండా మీటలతోనే నడిచే ఈ బ్రౌజరులోనూ ఉన్నది క్రోమియమే, తేలికదనం కోసం ఎవరూ దీని దగ్గరకు వెళ్లనక్కరలేదు. ఇందులో జే నొక్కితే పేజీ కిందికి, కే నొక్కితే పైకి జరుగుతుంది. కానీ తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లేఅవుటు పెట్టుకుని ఉన్నప్పుడు జే నొక్కితే 'ర', కే నొక్కితే 'క' వెళతాయి, బ్రౌజరు కదలదు. సెట్టింగుల్లోని కీ మ్యాపింగుల పట్టికలో 'ర'ను జేకూ, 'క'ను కేకూ జతచేస్తే పేజీ కిందికీ పైకీ కదులుతుంది. మీరు తరచుగా వాడే మిగిలిన మీటలకు కూడా అలాగే రాసుకోవాలి.